కరెంటు పల్స్ కన్నా పొట్టి కాంతి పల్స్ డయోడ్ లేజర్‌లో ఎలా పుడుతుంది?

అమ్మా, నువ్వు అడిగినవి మూడు. డయోడ్‌కి ఇచ్చే కరెంటు పల్సే యాభై, వంద పికోసెకండ్ల (పికోసెకండ్ అంటే సెకనులో లక్ష కోట్లో వంతు) కన్నా పొట్టిగా చేయడం కష్టమని మీ సార్ చెప్పారు కదా, మరి అదే డయోడ్ నుంచి ఒక పికోసెకండ్ కాంతి పల్స్ ఎలా వస్తుందన్నది మొదటిది. నరసన్నపేటలో మీ ఇంటి గోడకున్న ఫైబర్ డబ్బాలో ఉన్నదీ ఇదే లేజరా అన్నది రెండోది. ఎచ్చెర్ల కాలేజీలో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా దీన్ని తీసుకోవచ్చా అన్నది మూడోది. నేను చాలాకాలం లేజర్ ల్యాబుల్లో పనిచేసి ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాను. తీరిక ఉంది కాబట్టి పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

మీ సార్ చెప్పింది నిజమే. కానీ దాన్నుంచి నువ్వు తీసిన అర్థం తప్పు. కాంతి పల్స్ పొడవుని కరెంటు నిర్ణయిస్తుందని అనుకుంటున్నావు. కరెంటు చెప్పేది పల్స్ ఎప్పుడు రావాలన్నది మాత్రమే. అది ఎంత పొట్టిగా రావాలన్నది డయోడ్‌లోని సెమీకండక్టర్ స్ఫటికం లోపల క్యారియర్లు (కరెంటుని మోసే ఎలక్ట్రాన్లు, హోల్స్), ఫోటాన్లు (కాంతి కణాలు) తేల్చుకుంటాయి. మిగతాదంతా ఈ ముక్కకి వివరణే.

ముందు కొలతలు. సెకనుకి 10 గిగాబిట్లు పంపితే ఒక్కో బిట్‌కి దొరికే చోటు 100 పికోసెకండ్లు. 40 గిగాబిట్లకి 25, 160 గిగాబిట్లకి 6.25. ఒక పికోసెకండ్‌లో కాంతి శూన్యంలో 0.3 మిల్లీమీటర్లు, గాజు ఫైబర్‌లో 0.2 మిల్లీమీటర్లు వెళుతుంది. డయోడ్ లేజర్ చిప్ పొడవు మామూలుగా 0.3 మిల్లీమీటర్లు. దాని వక్రీభవన గుణకం 3.5 ప్రాంతంలో ఉంటుంది కాబట్టి కాంతి ఆ చిప్‌లో ఒకసారి పోయి తిరిగి రావడానికి ఏడు పికోసెకండ్లు పడుతుంది. చివర్లలో ప్రత్యేకంగా అద్దాలు ఉండవు. స్ఫటికాన్ని విరిచినప్పుడు వచ్చే నున్నటి ముఖమే 30 శాతం కాంతిని వెనక్కి పంపుతుంది, తక్కినదంతా బయటికి పోతుంది. అందుకే పుట్టిన ఫోటాన్ కేవిటీలో (రెండు ముఖాల మధ్య కాంతి తిరిగే చోట) నిలిచేది సగటున ఒకటి రెండు పికోసెకండ్లే. క్యారియర్లు మాత్రం, వాటి మానాన వాటిని వదిలేస్తే, నానోసెకండ్ దాకా ఉంటాయి. అంటే ఫోటాన్లు క్యారియర్ల కన్నా వెయ్యి రెట్ల దాకా చురుకు. ఈ తేడాని గుర్తుపెట్టుకో, మొదటి పద్ధతి మొత్తం దీనిమీదే నడుస్తుంది.

ఆ పద్ధతి పేరు గెయిన్ స్విచింగ్. లేజర్‌ని త్రెషోల్డ్‌కి, అంటే లేజర్ వెలగడం మొదలయ్యే కరెంటుకి, కాస్త కింద డీసీ బయాస్ (స్థిరమైన కరెంటు) మీద ఉంచుతాం. దానిమీద ఒక చిన్న కరెంటు పల్స్ వేస్తాం, లేదా ఒక గిగాహెర్ట్జ్ ప్రాంతపు గట్టి సైన్ వేవ్ వేస్తాం. క్యారియర్ల సంఖ్య పెరగడం మొదలవుతుంది. త్రెషోల్డ్ దాటగానే లేజర్ వెలిగిపోవాలి కదా? వెలగదు. ఆ క్షణానికి కేవిటీలో ఉన్నవి స్పాంటేనియస్ ఎమిషన్ (క్యారియర్లు తమంతట తాము కాంతిని విడవడం) వల్ల వచ్చిన కొద్దిపాటి ఫోటాన్లే. అవి ఒకటికి రెండై, రెండుకి నాలుగై పెరగడానికి సమయం కావాలి. ఈలోగా కరెంటు ఆగదు కాబట్టి క్యారియర్లు త్రెషోల్డ్‌ని దాటి చాలా పైకి పోతాయి. స్థిరంగా వెలిగే లేజర్‌లో ఎప్పుడూ చూడనంత గెయిన్ (కాంతిని పెంచే శక్తి) అక్కడ పోగవుతుంది.

అప్పుడు ఫోటాన్లు ఒక్కసారిగా ఉప్పొంగుతాయి. ఆ ఉప్పెన పోగైన క్యారియర్లని కొన్ని పికోసెకండ్లలో తినేస్తుంది. క్యారియర్లు త్రెషోల్డ్ కిందికి పడిపోతాయి, గెయిన్ నష్టం కన్నా తక్కువైపోతుంది, కేవిటీలో మిగిలిన కాంతి ఒకటి రెండు పికోసెకండ్ల లెక్కన బయటికి జారిపోతుంది. పల్స్ అయిపోయింది. వచ్చిన కాంతి పల్స్ పొడవు 10 నుంచి 30 పికోసెకండ్లు. ఇచ్చిన కరెంటు పల్స్ వంద పికోసెకండ్లు ఉన్నా సరే.

కరెంటు ఇంకా ఉండిపోతే క్యారియర్లు మళ్లీ పోగై రెండో శిఖరం, దాని తరువాత చిన్నది మూడోది, ఇలా తగ్గుతూ వస్తాయి. నీ పుస్తకంలో రిలాక్సేషన్ ఆసిలేషన్ అని ఉన్న బొమ్మ ఇదే. మామూలు డేటా లింక్ డిజైన్ చేసే ఇంజినీరుకి ఇది తలనొప్పి. అందుకే అతను సున్నా బిట్‌కి కూడా లేజర్‌ని త్రెషోల్డ్ పైనే ఉంచుతాడు. గెయిన్ స్విచింగ్ చేసేవాడికి కావలసింది ఆ మొదటి శిఖరమే, రెండోది తలెత్తకముందే కరెంటు తీసేస్తాడు. కరెంటు పల్స్‌కి ఉన్న షరతు ఇంతే: రెండో శిఖరం రాకుండా ఆగితే చాలు. అది పికోసెకండ్ల పని కాదు, మామూలు ఆర్ఎఫ్ సర్క్యూట్లు చేయగలిగిన పని.

గెయిన్ స్విచింగ్‌లో నాకు నచ్చేది దాని స్వేచ్ఛ. ఏ రేటుకి కావాలంటే ఆ రేటుకి పల్సులు తీయవచ్చు, ప్రత్యేకమైన చిప్ అక్కరలేదు, మార్కెట్‌లో దొరికే డీఎఫ్‌బీ లేజర్ (ఒకే తరంగదైర్ఘ్యం ఇచ్చే డయోడ్) చాలు. దానికి రెండు జబ్బులున్నాయి, వాటి పేర్లు చిర్ప్, జిట్టర్.

చిర్ప్ సంగతి చూద్దాం. సెమీకండక్టర్‌లో క్యారియర్ల సంఖ్య మారితే గెయిన్ ఒక్కటే మారదు, వక్రీభవన గుణకం కూడా మారుతుంది. ఈ రెండు మార్పులూ ఎంత గట్టిగా ముడిపడి ఉన్నాయో చెప్పే సంఖ్యని ఆల్ఫా అంటారు. ఛార్లెస్ హెన్రీ 1982లో డయోడ్ లేజర్ల లైన్‌విడ్త్ (కాంతి ఫ్రీక్వెన్సీ పరుచుకునే మేర) అంత వెడల్పుగా ఎందుకుందో దీనితోనే వివరించాడు. మామూలు డయోడ్లలో అది 3 నుంచి 6 దాకా ఉంటుంది. పల్స్ నడుస్తుండగా క్యారియర్లు తగ్గుతాయి, గుణకం పెరుగుతుంది, ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది. ఈ జారుడే చిర్ప్. కాబట్టి పల్స్ ముందుభాగం నీలం వైపు, తోకభాగం ఎరుపు వైపు జరిగి ఉంటుంది. నిజంగా నీలం రంగు, ఎరుపు రంగు అని కాదు. 1550 నానోమీటర్ల చుట్టూ నానోమీటరులో కొంత భాగం అటూ ఇటూ, అంతే.

దీన్ని మామూలు ఫైబర్‌లోకి పంపితే ఏమవుతుంది? 1550 దగ్గర ఆ ఫైబర్‌లో నీలం వైపు కాంతి వేగంగా పోతుంది. తరంగదైర్ఘ్యాన్ని బట్టి వేగం ఇలా మారడాన్నే డిస్పర్షన్ అంటారు. ముందున్న నీలం ఇంకా ముందుకి పోతుంది, వెనకున్న ఎరుపు ఇంకా వెనకబడుతుంది, పల్స్ సాగిపోతుంది. అదే వ్యతిరేక డిస్పర్షన్ ఉన్న ఫైబర్ ముక్క పెడితే తోకలోని ఎరుపు ముందుని అందుకుంటుంది, పల్స్ నొక్కుకుపోతుంది. 20 పికోసెకండ్ల పల్స్‌ని ఇలా కొన్ని పికోసెకండ్లకి తేవచ్చు. జబ్బునే మందుగా వాడుకోవడం అన్నమాట. కాకపోతే చిర్ప్ పల్స్ అంతటా ఒకే వాలులో ఉండదు కాబట్టి నొక్కిన పల్స్‌కి కింద అటూ ఇటూ కొంత మడ్డి మిగిలిపోతుంది. ఆ మడ్డి పక్క బిట్ చోటులోకి కారుతుంది. గెయిన్ స్విచ్డ్ లేజర్లని అతివేగ లింకుల్లో నమ్మకపోవడానికి ఇదొక కారణం.

జిట్టర్‌కి, అంటే పల్స్ వచ్చే క్షణం ఊగడానికి, కారణం ఇంకా మౌలికమైనది. ప్రతి పల్సూ స్పాంటేనియస్ ఎమిషన్ నుంచే మొదలవుతుంది, ఆ ఎమిషన్‌కి క్రమం ఉండదు. ఈసారి పది ఫోటాన్లతో మొదలైతే మరోసారి పన్నెండుతో మొదలవుతుంది. అందుకని పల్స్ వచ్చే క్షణం కూడా పికోసెకండ్ స్థాయిలో అటూ ఇటూ ఊగుతుంది. బయటి నుంచి ఇంకో లేజర్ కాంతిని కాస్త లోపలికి పంపిస్తే ప్రతిసారీ మొదలు ఒకేలా ఉండి ఊపు తగ్గుతుంది. తమాషా ఏమిటంటే, ప్రతి పల్స్ దశా (ఫేజ్) కొత్తగా, ముందుదానితో సంబంధం లేకుండా ఉండటం క్వాంటమ్ కీ పంపిణీ (కాంతితో రహస్య తాళాలు పంపడం) చేసేవాళ్లకి సరిగ్గా కావలసిన గుణం. వాళ్లు గెయిన్ స్విచింగ్‌ని కావాలనే వాడతారు.

క్యూ స్విచింగ్ అని ఇంకొకటి ఉంది. గెయిన్ బదులు నష్టాన్ని ఒక్కసారి తగ్గించి పోగైన శక్తిని వదలడం. పెద్ద యాగ్ స్ఫటికపు లేజర్లలో అది రాజు. డయోడ్‌లో క్యారియర్లు నానోసెకండ్‌కి మించి నిలవవు కాబట్టి పోగు చేయగలిగే శక్తీ తక్కువే. కమ్యూనికేషన్ల వరకు దాన్ని వదిలేయవచ్చు.

ఇక మోడ్ లాకింగ్. ఒక పికోసెకండ్, అంతకన్నా తక్కువ అనగానే ల్యాబులో అందరూ చేరేది ఇక్కడికే.

కేవిటీలో ఏ తరంగం పడితే అది నిలవదు. రెండు ముఖాల మధ్య సగం తరంగాలు పూర్ణసంఖ్యలో పట్టేవే నిలుస్తాయి. వాటినే మోడ్లు అంటాం. పక్కపక్క మోడ్ల మధ్య ఫ్రీక్వెన్సీ తేడా అన్నిచోట్లా దాదాపు ఒకటే. చిప్ పొడవు ఒక మిల్లీమీటరైతే ఆ తేడా 43 గిగాహెర్ట్జ్. సెమీకండక్టర్ గెయిన్ చాలా వెడల్పైనది, పదుల నానోమీటర్లు, కాబట్టి ఒకేసారి ఎన్నో మోడ్లు వెలుగుతాయి. మామూలుగా ఒక్కోదాని దశ దానిది. వాటిని కలిపితే వచ్చేది గజిబిజి కాంతి.

మన వైపు తప్పెటగుళ్లు నువ్వు చూసే ఉంటావు. ఒక బృందంలో మొదటాయన నిమిషానికి 60 దెబ్బలు, పక్కాయన 61, ఆ పక్కాయన 62, ఇలా ఎనిమిది మంది వాయిస్తున్నారనుకో. ఎవరికి తోచినప్పుడు వాళ్లు మొదలుపెడితే వినపడేది గోల. అందరూ మొదటి దెబ్బ ఒకేసారి వేసి మొదలుపెడితే ఒక పెద్ద చప్పుడు వస్తుంది, తరువాత చెదిరిపోతారు, సరిగ్గా ఒక నిమిషానికి ఎనిమిది దెబ్బలూ మళ్లీ ఒకేసారి పడతాయి. మోడ్ లాకింగ్‌లో జరిగేది అదే. అన్ని మోడ్లూ ఒకేసారి శిఖరానికి వచ్చిన చోట కాంతి పల్స్ ఉంటుంది, మిగతా సమయమంతా ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పల్స్ మళ్లీ వచ్చే వ్యవధి మోడ్ల మధ్య తేడాకి విలోమం, అంటే కాంతి కేవిటీలో ఒక చుట్టు తిరిగే సమయం. మోడ్లు ఎన్ని ఎక్కువైతే పల్స్ అంత సన్నం. కాలంలో చూస్తే ఇదే విషయం ఇంకా సులువు: కేవిటీలో ఒకే ఒక్క పల్స్ అటూ ఇటూ తిరుగుతోంది, ముఖాన్ని తాకినప్పుడల్లా తనలో కొంత బయటికి వదులుతోంది.

ఎన్ని మోడ్లు కావాలి? పల్స్ పొడవునీ స్పెక్ట్రమ్ వెడల్పునీ గుణిస్తే ఒక కనీస సంఖ్య కన్నా తగ్గదు. గాసియన్ ఆకారానికి అది 0.441, మోడ్ లాక్డ్ లేజర్ల లెక్కల్లో ఎక్కువగా తీసుకునే సెచ్ స్క్వేర్ ఆకారానికి 0.315. ఒక పికోసెకండ్ సెచ్ స్క్వేర్ పల్స్‌కి 315 గిగాహెర్ట్జ్ కావాలి, 1550 దగ్గర అది రెండున్నర నానోమీటర్లు. ఒక మిల్లీమీటరు చిప్‌లో ఏడెనిమిది మోడ్లు సరిపోతాయి. నీ ప్రశ్నకి అసలు జవాబు ఈ లెక్కే. ఇక్కడ పికోసెకండ్ వేగంతో ఏ ట్రాన్సిస్టరూ స్విచ్ అవ్వలేదు. ఏడెనిమిది స్థిరమైన తరంగాలు దశ కలిపి నిలబడ్డాయి, అంతే.

దశ కలిపేది ఎవరు? రెండు దారులున్నాయి. ఒకటి, కేవిటీ చుట్టు సమయానికి సరిపోయే ఫ్రీక్వెన్సీతో బయటి నుంచి కరెంటుని ఊపడం. దీన్ని యాక్టివ్ అంటారు. 1978లో ఎంఐటీలో హో, గ్లాసర్, ఇప్పెన్, హౌస్ ఒక డయోడ్‌ని బయటి అద్దంతో కలిపి ఇలా చేసి 20 పికోసెకండ్ల పల్సులు తీశారు, డయోడ్ లేజర్ మోడ్ లాకింగ్‌కి అదే మొదలు. రెండోది పాసివ్. బయటి నుంచి ఏ ఊపూ అక్కరలేదు, ఈ పద్ధతి చూస్తే నాకిప్పటికీ ముచ్చటేస్తుంది. చిప్ పైనున్న లోహపు పొరని రెండు ముక్కలుగా వేరు చేస్తారు. పొడుగాటి ముక్కకి మామూలుగా ఫార్వర్డ్ కరెంటు ఇస్తారు, అది గెయిన్. చివర ఉన్న పొట్టి ముక్కకి కొద్ది వోల్టుల రివర్స్ బయాస్ ఇస్తారు, అది కాంతిని మింగుతుంది. అయితే దాని ఆకలికి హద్దుంది. బలమైన కాంతి వస్తే నిండిపోయి దారి వదిలేస్తుంది, బలహీనమైన కాంతిని మాత్రం పూర్తిగా మింగేస్తుంది. సాచురబుల్ అబ్జార్బర్ అంటే ఇదే.

మొదట్లో కేవిటీలో ఉండేది గజిబిజి కాంతే. అందులో ఎక్కడో ఒక చోట కాస్త ఎత్తైన బుడిపె ఉంటుంది. అబ్జార్బర్ దాన్ని తక్కువ మింగుతుంది, చుట్టూ ఉన్నదాన్ని ఎక్కువ మింగుతుంది. చుట్టు చుట్టుకీ ఆ బుడిపె బలుస్తుంది, మిగతాది చచ్చిపోతుంది. ముందు అంచుని అబ్జార్బర్ కోస్తుంది, తోకని ఖాళీ అయిపోయిన గెయిన్ కోస్తుంది. రెండింటి మధ్య మిగిలిన సన్నటి కిటికీలోంచి దూరగలిగినంతే పల్స్. ఇది జరగాలంటే అబ్జార్బర్ గెయిన్ కన్నా తేలిగ్గా నిండాలి, గెయిన్ కన్నా త్వరగా కోలుకోవాలి. రివర్స్ బయాస్ చేసే పని అదే, పుట్టిన క్యారియర్లని పది పికోసెకండ్ల స్థాయిలో బయటికి లాగేస్తుంది. ఆ వోల్టేజ్ కొద్దిగా మారిస్తే పల్స్ పొడవు మారిపోతుంది. ల్యాబులో ఆ ఒక్క నాబ్ దగ్గరే గంటలు గడిచిపోతాయి.

అబ్జార్బర్‌ని చివర కాకుండా చిప్ నడిమధ్యలో పెడితే కేవిటీలో రెండు పల్సులు తిరిగి, రెండు వైపుల నుంచీ వచ్చి దానిలోనే ఎదురుపడతాయి. రెండూ కలిసి దాన్ని ఇంకా బాగా నింపుతాయి, పల్సులు వచ్చే రేటు రెట్టింపు అవుతుంది. 1990 దశకం మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో ఈ పద్ధతితో ఒక పికోసెకండ్‌కి లోపు పల్సులు, వందల గిగాహెర్ట్జ్ రేటుకి, ఒకే చిప్ మీద తీశారు.

గెయిన్ పదుల నానోమీటర్లు వెడల్పుంది కదా, మరి వంద ఫెమ్టోసెకండ్లు ఎందుకు రావు అని అడగబోతున్నావు. మళ్లీ ఆల్ఫానే అడ్డం. పల్స్ తిరిగినప్పుడల్లా గెయిన్‌ని ఖాళీ చేస్తూ తన దశని తానే వంచుకుంటుంది, చిప్ పదార్థపు డిస్పర్షన్ దానికి తోడవుతుంది. పల్స్‌లో శక్తి పెంచితే ఇది ఇంకా ముదురుతుంది. అందుకే అంచుల నుంచి వెలిగే మామూలు చిప్‌లో పికోసెకండ్ ప్రాంతంలోనే ఆగిపోతాం, ఒక్కో పల్స్‌లో శక్తి పికోజౌల్ స్థాయి దాటదు. అంతకన్నా పొట్టివి కావాలంటే చిప్ ఉపరితలం నుంచి వెలిగించి, కేవిటీని బయట గాలిలో కట్టి, సెసామ్ అనే సెమీకండక్టర్ అద్దాన్ని అబ్జార్బర్‌గా పెట్టుకోవాలి. సెసామ్‌ని 1992లో చూపింది ఉర్సులా కెల్లర్. అవి బల్ల మీద పరిచే పరికరాలు, టెలికాం ర్యాకులో పట్టేవి కావు.

టెలికాంలో మోడ్ లాక్డ్ చిప్‌తో వచ్చే చిక్కు పైకి చిన్నదిగా కనిపిస్తుంది. దాని రేటుని చిప్ పొడవే నిర్ణయిస్తుంది. ఎస్‌టీఎం 256 అనే టెలికాం ప్రమాణపు లైన్ రేటు 39.81312 గిగాబిట్లు. దానికి సరిపోయే చిప్ పొడవు 1.08 మిల్లీమీటర్ల దగ్గర వస్తుంది. స్ఫటికాన్ని విరిచేటప్పుడు పది మైక్రాన్లు తేడా వస్తే రేటు దాదాపు 370 మెగాహెర్ట్జ్ తప్పిపోతుంది. పాసివ్ చిప్‌కి పక్కన ఆర్ఎఫ్ సిగ్నల్ కూడా ఇచ్చి, అంటే హైబ్రిడ్ పద్ధతిలో, దాన్ని నెట్‌వర్క్ గడియారానికి కట్టేస్తారు. అలా లాగగలిగే దూరానికీ హద్దుంది. ఈ బాధ పడలేక చాలామంది మూడో దారి పట్టారు: ఆగకుండా వెలిగే డీఎఫ్‌బీ లేజర్ ముందు ఎలక్ట్రో అబ్జార్ప్షన్ మాడ్యులేటర్ (వోల్టేజ్ ఇస్తే కాంతిని మింగే పరికరం) పెట్టి, దానికి సైన్ వేవ్ ఇవ్వడం. వోల్టేజ్ పెరిగితే దాన్ని దాటి వచ్చే కాంతి సరళరేఖలో కాక ఎక్స్‌పొనెన్షియల్‌లా తగ్గుతుంది, అందుకే సైన్ వేవ్ గుండ్రంగా ఉన్నా కాంతి తప్పించుకునే కిటికీ సన్నగా ఉంటుంది. కొన్ని పికోసెకండ్ల శుభ్రమైన పల్సులు, చిర్ప్ తక్కువ, రేటు మన ఇష్టం. కాంతి మాత్రం చాలా వృథా అవుతుంది, ఎర్బియం యాంప్లిఫయర్ పెట్టి పూడ్చుకోవాలి. 10, 40 గిగాహెర్ట్జ్ పనికి నన్నడిగితే ఇదే తీసుకోమంటాను, ఇందులో అందం లేకపోయినా సరే.

ఇప్పుడు ఈ పల్సుని ఫైబర్‌లోకి పంపుదాం. మామూలు ఫైబర్ డిస్పర్షన్ 1550 దగ్గర కిలోమీటరుకి, నానోమీటరుకి 17 పికోసెకండ్లు. రెండున్నర నానోమీటర్ల వెడల్పున్న మన ఒక పికోసెకండ్ పల్స్ శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో రోడ్డు దాటేంత దూరంలోనే, పదిహేను ఇరవై మీటర్లలోనే, కంటికి తెలిసేలా వెడల్పైపోతుంది. 70 కిలోమీటర్లు వెళ్లాక, శ్రీకాకుళం నుంచి విజయనగరం సుమారు అంతే కదా, అది మూడు నానోసెకండ్లు. మూడు వేల రెట్లు! అంటే వ్యతిరేక డిస్పర్షన్ ఫైబర్‌తో మూడు వేలలో ఒక వంతు తేడా కూడా లేకుండా సరిదిద్దాలి. ఆ తరువాత డిస్పర్షన్ తరంగదైర్ఘ్యంతో మారే తీరుని కూడా సరిదిద్దాలి. అయినా చేసి చూపారు. 2000లో జపాన్ ఎన్‌టీటీలో నకజావా బృందం ఒకే తరంగదైర్ఘ్యం మీద సెకనుకి 1.28 టెరాబిట్లని సరిగ్గా 70 కిలోమీటర్లు పంపింది. అయితే అక్కడ పల్సులిచ్చింది డయోడ్ కాదు, ఫైబర్ లేజర్.

అలాంటి పద్ధతిని, అంటే కాంతి పల్సుల్ని కాలంలో పక్కపక్కన పేర్చడాన్ని, ఓటీడీఎం అంటారు. 10 గిగాహెర్ట్జ్ పల్సుల వరసని పదహారు దారులుగా చీల్చి, ఒక్కోదానిమీద 10 గిగాబిట్ల డేటా ఎక్కించి, ఒక్కోదాన్ని దాని ముందుదానికన్నా 6.25 పికోసెకండ్లు ఆలస్యం చేసి మళ్లీ కలిపితే 160 గిగాబిట్లు. ఎలక్ట్రానిక్స్ ఎక్కడా 10 గిగాబిట్లు దాటదు. చూడటానికి చాలా తెలివైన ఉపాయం. నా అభిప్రాయం అడిగితే, అది ల్యాబు బయట నిలవకపోవడమే న్యాయం. అవతలి వైపు విడదీయడానికి కాంతితో నడిచే గేట్లు కావాలి, ఎండకీ వానకీ ఫైబర్ పొడవు మారితే అన్నీ మళ్లీ సర్దాలి. ఈలోగా 2010 ప్రాంతంలో కోహెరెంట్ పద్ధతి వచ్చిపడింది: ఆగకుండా వెలిగే సన్నటి లైన్‌విడ్త్ లేజర్, దాని దశ మీదా రెండు ధ్రువణాల మీదా డేటా, డిస్పర్షన్‌ని సరిచేసేది రిసీవర్‌లోని డిజిటల్ చిప్. 100 గిగాబిట్లకి సెకనుకి ముప్పై గిగా సింబళ్ల ప్రాంతమే సరిపోయింది. ఈరోజు పెద్ద ట్రంకు లైన్లలో నడిచేది ఇదే, అక్కడ అతిపొట్టి పల్సులు లేవు. నువ్వు ప్రాజెక్టు రిపోర్టులో అతివేగ కమ్యూనికేషన్‌కి ఇవే ఆధారం అని రాస్తే వైవాలో ఇరుక్కుంటావు.

మోడ్ లాక్డ్ చిప్ మాత్రం ఇంకో తలుపులోంచి తిరిగొచ్చింది. కాలంలో పల్సుల వరస అంటే ఫ్రీక్వెన్సీలో సమాన దూరాల్లో నిలిచిన గీతల దువ్వెన. ఆ ఒక్కో గీతనీ విడదీసి ఒక్కో ఛానల్‌గా వాడుకుంటే పదుల లేజర్ల పని ఒకే చిప్ చేస్తుంది, వాటి మధ్య దూరం ఎప్పటికీ జారదు. క్వాంటమ్ డాట్, క్వాంటమ్ డాష్ (నానో పరిమాణపు చుక్కలు, గీతలు ఉన్న) చిప్‌లతో డేటా సెంటర్ల కోసం ఈ పని నడుస్తోంది. పల్స్ ఆకారంతో అక్కడ ఎవరికీ పని లేదు, మోడ్ల క్రమశిక్షణే కావాలి.

రెండో ప్రశ్నకి జవాబు చిన్నది. మీ ఇంటి డబ్బాలో ఉన్నది ఇది కాదు. జీపాన్ (ఇళ్లకిచ్చే ఫైబర్ పద్ధతి) కనెక్షన్ అయితే మీ ఇంటికి వచ్చే కాంతి 1490 నానోమీటర్లు, సెకనుకి 2.488 గిగాబిట్లు. ఒక బిట్‌కి 400 పికోసెకండ్ల చోటు. మీ డబ్బా నుంచి వెనక్కి పోయేది 1310 నానోమీటర్లు, 1.244 గిగాబిట్లు, బిట్‌కి 800 పికోసెకండ్లు. కరెంటుని నేరుగా ఆన్ ఆఫ్ చేస్తే ఇక్కడ బాగా సరిపోతుంది. ఆ చవక లేజర్‌కి అసలు పరీక్ష వేగం కాదు, మన రోహిణీ కార్తె. ఇండియం ఫాస్ఫైడ్ లేజర్లలో ఉష్ణోగ్రత 25 నుంచి 45 డిగ్రీలకి పోతే త్రెషోల్డ్ కరెంటు నలభై శాతం దాకా పెరుగుతుంది. డబ్బాలోని డ్రైవర్ చిప్, లేజర్ వెనక ఉన్న ఫోటోడయోడ్‌ని చూసుకుంటూ బయాస్‌ని సర్దుతూ ఉంటుంది. దాన్ని ఎండ పడే గోడకి బిగించారంటే మార్పించు.

ప్రాజెక్టు సంగతి. మోడ్ లాకింగ్ వైపు చూడొద్దు, రెండు ముక్కల చిప్ బజార్లో దొరకదు. గెయిన్ స్విచింగ్ తీసుకో. ముందు సిమ్యులేషన్: క్యారియర్లకి ఒకటి, ఫోటాన్లకి ఒకటి, రెండే రేట్ ఈక్వేషన్లు. పైథాన్‌లోనో ఆక్టేవ్‌లోనో రుంగే కుట్టాతో, 0.1 పికోసెకండ్ అడుగులతో నడిపించు. క్యారియర్ జీవితకాలం 1 నానోసెకండ్, ఫోటాన్ జీవితకాలం 2 పికోసెకండ్లు పెట్టు. గెయిన్ కంప్రెషన్ పదం వదిలేయకు, అది లేకపోతే పల్స్ నిజం కన్నా పొట్టిగా వచ్చి మురిసిపోతావు. స్పాంటేనియస్ ఎమిషన్ పదాన్ని సున్నా చేస్తే ఏమీ వెలగదు, ఎందుకో ఈపాటికి నీకు తెలుసు. మూడో ఈక్వేషన్‌గా దశని కలిపితే చిర్ప్ కూడా కనిపిస్తుంది. బయాస్‌ని త్రెషోల్డ్‌కి కొంచెం కిందా, బాగా కిందా పెట్టి పల్స్ పొడవు, ఆలస్యం ఎలా మారతాయో గీస్తే సగం రిపోర్టు అయిపోయినట్టే.

చేత్తో కూడా ఏదైనా చేయాలని ఉంటే 2ఎన్2369 ట్రాన్సిస్టర్‌ని అవలాంచ్‌లో నడిపే పల్సర్ కట్టు. తొంభై వోల్టుల ప్రాంతపు సప్లై, ఒక రెసిస్టర్, రెండు పికోఫారడ్ల కెపాసిటర్. నానోసెకండ్‌లోపు అంచు వస్తుంది. డయోడ్‌కి వరసలో రెసిస్టర్ తప్పనిసరి, కాళ్లు వీలైనంత పొట్టిగా కత్తిరించు, అక్కడ ఒక సెంటీమీటరు తీగ కూడా ఇండక్టరే. డయోడ్‌ని ముట్టుకునే ముందు చేతికి ఎర్తింగ్ పట్టీ కట్టుకో, స్టాటిక్‌కి అవి చప్పుడు లేకుండా చచ్చిపోతాయి. 1310, 1550 కాంతి కంటికి కనిపించదు, ఫైబర్ చివరని కంటికేసి చూడటం, ఫ్రెండ్స్‌కి చూపించడం వద్దు.

కొలవడం దగ్గరే ఆగిపోతావు, ముందే చెబుతున్నాను. కాలేజీలో ఉండే 100 మెగాహెర్ట్జ్ ఆసిల్లోస్కోప్‌లో నీ పల్స్ ఎంత పొట్టిదైనా మూడున్నర నానోసెకండ్ల అంచుతోనే కనిపిస్తుంది. 50 గిగాహెర్ట్జ్ ఫోటోడయోడ్ ఉన్నా పది పికోసెకండ్ల కిందకి చూపదు. అంతకన్నా పొట్టివాటిని ఆటోకోరిలేటర్‌తో కొలుస్తారు. పల్స్‌ని రెండుగా చీల్చి, ఒకదాన్ని కదిలే అద్దం మీదుగా తిప్పి, రెండింటినీ ఒక స్ఫటికంలో కలిపితే రెండూ ఒకేసారి చేరినప్పుడు రెట్టింపు ఫ్రీక్వెన్సీ కాంతి ఎక్కువ వస్తుంది. అద్దం 0.15 మిల్లీమీటర్లు జరిపితే ఒక పికోసెకండ్ ఆలస్యం. గీసిన గ్రాఫ్ వెడల్పుని సెచ్ స్క్వేర్ అయితే 1.54తో, గాసియన్ అయితే 1.41తో భాగించాలి. అది లేకపోయినా ఆప్టికల్ స్పెక్ట్రమ్ ఎనలైజర్ ఉన్న ల్యాబులో ఒక పూట దొరికితే చాలు: డీఎఫ్‌బీ డయోడ్ డీసీలో ఇచ్చే సన్నటి గీత గెయిన్ స్విచింగ్‌లో సాగి వెడల్పవుతుంది. ఆ రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టు, నీ సిమ్యులేషన్ ఇచ్చిన చిర్ప్‌తో పోల్చు. ఆల్ఫాని మూడు, అయిదు రెండు విలువలతోనూ నడిపి చూడు, ఏది దగ్గరగా వస్తుందో అది రిపోర్టులో రాయి.